లిడియమ్మ గారి రిహార్సళ్ళు

ఆ ఫోను ఇటు పెట్టి కూర్చోవే రూబీ. రికార్డింగు నొక్కావా? నొక్కు. ఇదిగో, ముందే చెప్తున్నా, తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా ఎక్కడైనా అడిగి చూసుకో, లిడియమ్మ గారి ఉద్యమం మొత్తం ఎవరి భుజాల మీద నడిచిందంటే ఈ పౌలు భుజాల మీద నడిచింది. ఈ రెండు భుజాలే. నడిచిందంటే... ఆవిడ శనివారం శనివారం తెనాలి నుంచి పాసింజర్లో వచ్చి రేపల్లెలో దిగేది, చేతిలో ఇంత లావు బట్టల మూట ఉండేది, ఆ మూట స్టేషన్ నుంచి మన పేట దాకా నేను మోసేవాణ్ణి. అదీ భుజాల సంగతి. నవ్వుతావేంటే? నువ్వు మొయ్యి ఒకసారి. నాటకాల్లో రాజుల బట్టలమ్మా అవి. జరీ, అద్దాలు, తళుకులు, ఒక్కో అంగీ సంవత్సరం పిల్లాడంత బరువు. నీలాంటి వాళ్ళు వీపుకి లాప్‌టాప్ సంచీ తగిలించుకునే అబ్బా నడుం అంటారు.

ఏంటి నీ ప్రశ్న, మళ్ళీ చదువు. "సామాజిక మార్పు కోసం పోరాడిన లిడియా గారి నాయకత్వ శైలులు." శైలులంట! ఒకటి కూడా కాదు, చీరల కొట్లో డిజైన్లలాగా బోలెడు! ఎవరిచ్చారే నీకిది? ఆ కిరణ్ కుమార్ సారేనా, సంచిక వేస్తున్నాయన? సాయంత్రానికి పేజీన్నర కావాలన్నాడా? తాతని ఊరించి రెండు ముక్కలు చెప్పించుకు రమ్మన్నాడు, అంతేగా? ఆయన ఇప్పటిదాకా రాసింది చాలలేదంటనా? ఇదిగో, ఆవిడ సంస్మరణ సభ ఆహ్వాన పత్రిక ఇక్కడే పెట్టా, రోజుకి నాలుగుసార్లు చదువుకుని నాలుగుసార్లు బీపీ బిళ్ళ వేసుకోవడానికి. ఇను. "సింహగర్జనతో భూస్వాములను గడగడలాడించిన అగ్నిశిఖ." అగ్నిశిఖ! నా బొంద! ఆవిడ గొంతు ఎట్టా ఉండేదో ఆ కిరణ్ కుమార్‌కేం తెలుసు? పక్కన కూర్చుని చెవి పెట్టినా "ఆఁ? ఏంటమ్మా?" అని మళ్ళీ అడగాల్సిందే. జన్మలో ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు ఆవిడ. ఈ బొమ్మ చూడు, పిడికిలి ఎత్తి, జుట్టు విరబోసుకుని! ఆవిడ జుట్టు విరబోసుకోగా చూసినోడు ఈ జిల్లాలో లేడు. కొప్పులో ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి, దారం ఎక్కించి మరీ. సభాధ్యక్షులెవరో చదివావా? గిరీష్ గారు. ఎవరి ముందు నిటారుగా నిలబడ్డం కోసం మేం నలభై రోజులు చెమటోడ్చామో, ఆ కామందు సంజీవరావు మనవడు! ఆ కింద, ఇదిగో, పువ్వుల మధ్యలో నేను. "ఆనాటి పోలింగులో భూస్వామిని చాకచక్యంగా తప్పించిన ఉద్యమ వ్యూహకర్త శ్రీ పౌలు గారికి ఘన సన్మానం." ఆదివారం, తెనాలిలో, శాలువా, మైకు.

రానని చెప్పా. చెప్పానా లేదా? మీ నాన్నకి చెప్పా, ఫోన్ చేసిన గిరీష్‌కి చెప్పా, కిరణ్ కుమార్‌కి రెండుసార్లు చెప్పా. "వయసైపోయిందండీ, ప్రయాణం పడదండీ" అంటే కారు పంపుతానంటాడు. ఇప్పుడు నిన్ను పంపాడు. నువ్వేమో శైలులు అంటావు. ఎందుకు రావంటే ఎందుకో చెప్పాలంటావు. చెప్తా, చెప్తా, వరసలో చెప్పనీ. మీ చదువుల్లో లాగా ఒకటి, రెండు, మూడు అని పాయింట్లు అడగమాక, నాకు రావు.

లిడియమ్మ గారిది మన పేటే. పధ్నాలుగో ఏట మేనత్త వెంట తెనాలి పోయింది, కుట్టుపనికి. నాటకాల కంపెనీలకి డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టు, అందులో చేరింది. రాజుల అంగీలు, రాణుల పావడాలు, చిరిగినవి కుట్టడం, ఊడినవి అతకడం. మీసాలు కూడా ఆవిడే అంటించేది. పనిలో పనిగా కంపెనీ వెంట ఊళ్ళు తిరిగేది, డ్రస్సులు చూసుకోవడానికి. ఒకసారి ఎక్కడో, సూర్యలంక దగ్గరో ఇంకెక్కడో, ప్రాంప్టింగు చెప్పే మనిషి జ్వరంతో పడిపోయాడు. ప్రాంప్టింగంటే తెలుసా? తెర పక్కన కూర్చుని, మాట మర్చిపోయిన నటుడికి మెల్లిగా అందించడం. జనానికి వినపడకూడదు, నటుడికి వినపడాలి. ఈవిడకి బొత్తాలు కుట్టుకుంటూ ఇని ఇని మొత్తం నాటకం నోటికి వచ్చేసింది. వెళ్ళి కూర్చుంది. ఇక ఆ రోజు నుంచి ఆ పని ఆవిడదే. ఆవిడ గొంతు చిన్నదెందుకో ఇప్పుడు తెలిసిందా? అలవాటమ్మా అది. ఎదుటోడి పెదాలు చూస్తా కూర్చునేది. పెదవి ఎక్కడ ఆగిందో అక్కడ మాట అందించేది. ఆగకపోతే తను నోరే తెరవదు. సింహగర్జనంట! రాసిన చేతిని ఆవిడ కుట్టు మిషను సూది కింద పెట్టాలి.

సరే, అసలు గొడవ చెప్తా. మన ఊళ్ళో మన పేటకి ఓట్లున్నాయి. ఎప్పుడూ ఉన్నాయి. వెయ్యలేదంతే. కొట్టి ఆపేవాళ్ళనుకుంటున్నావా? కొట్టడానికి వాళ్ళకి అంత తీరికెక్కడిది? పొద్దున్నే కామందు మనిషి ఒకడు బడి గేటు కాడ నిలబడి, పుల్లతో పళ్ళు తోముకుంటా, "మీవి పడిపోయినియ్‌రా, ఎండలో ఎందుకు నిలబడ్డం, పనికి పోండి" అనేవాడు. మేం "అట్టాగేనండి" అని వెనక్కి తిరిగేవాళ్ళం. మా నాన్న జీవితమంతా ఓటు వేశాడు, కాగితాల మీద. ఒక్కసారీ ఆ బడి గడప తొక్కలా. పోయాక కూడా రెండుసార్లు వేశాడు! ఒళ్ళు మండదా నీకు? ఇప్పుడు చెప్తుంటే నాకు మండుతోంది, అప్పుడు మండలేదు, అదే ఖర్మ. ఎండలో నిలబడే పని తప్పిందనుకున్నాం. ఈస్టర్ పండక్కి వచ్చిన లిడియమ్మ గారు వాళ్ళ అమ్మని అడిగిందంట, "ఎవరికేశావమ్మా ఈసారి?" అని. ఆ ముసలావిడ చేటలో బియ్యం చెరుగుతా, "నాకేం తెలుసే, వేసినోళ్ళని అడుగు" అందంట. ఆ మరుసటి శనివారం లిడియమ్మ గారు మూటతో దిగింది.

ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలొస్తున్నాయి. నలభై రోజుల టైముంది. ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో అందర్నీ ఉండమంది. మేం పెద్ద ఉపన్యాసం ఉంటదనుకున్నాం. కరుణాకర్ అని ఒకడు, బాపట్లలో డిగ్రీ చదివేవాడు, వాడు ముందుగానే చప్పట్లు కొట్టడానికి చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆవిడ లేచింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చెవిలో మాట్లాడినట్టు, "నీకు దేనికి భయం?" అని అడిగింది. అంతే ఉపన్యాసం. అంద్రెయ ముసలాయన, "నాకేం భయం లేదమ్మా, ఆ కాయితం మడత పెట్టడం రాదు, అంతే" అన్నాడు. ఒకడు సంజీవరావు దగ్గుకే భయమన్నాడు. ఏసమ్మ ఉందిగా, మన బావి పక్కింటి ఏసమ్మ, మీ అమ్మమ్మకి పిన్ని వరస, ఆవిడ లేచి, "నాకు కామందూ భయంలేదు, పోలీసూ భయంలేదు. అక్కడ కూర్చున్న గుమస్తా మొగుడి పేరు అడుగుతాడంటగా, అది నేను చెప్పను" అంది. అందరం నవ్వాం. లిడియమ్మ గారు నవ్వలేదు. రాసుకుంది. మీ అగ్నిశిఖ సార్లయితే మైకు పట్టుకుని, "మూఢాచారాలు విడనాడండి సోదరీమణులారా" అని అరిచేవాళ్ళు. ఏసమ్మ ఇంటికి పోయి పడుకునేది.

అవన్నీ సీన్లు చేసింది ఆవిడ! బెంచీ అడ్డం వేస్తే పోలింగు బూత్. సండే స్కూలు అట్టపెట్టె బ్యాలెట్ పెట్టె. పంచాంగం కాగితాలు చింపి ఓట్లు. నేను సంజీవరావుని. ఎందుకు నేనంటే, ఆయన పొలంలో చిన్నప్పటి నుంచి పని చేశా, ఆయన నడక, ఆయన దగ్గు, ఆయన తిట్టు నాకు తెలిసినట్టు ఆయన పెళ్ళానికి తెలీదు. ఆవిడ మూటలోంచి జరీ కండువా తీసి నా మెడలో వేసేది, బంకతో మీసం అంటించేది, "కానివ్వు పౌలూ" అనేది. నేను మొదలెట్టేవాణ్ణి. "ఎవడ్రా మిమ్మల్ని రమ్మంది? ఎంత పొగర్రా మీకు? పొయ్యి కాడ పిల్లి కూడా ఓటేస్తానంటదా?" ఇట్టా. మొదటి ఆదివారం నేను అరిస్తే నిజంగానే ఇద్దరు లేచి నిలబడి, భుజం మీద తువ్వాలు చంకలో పెట్టుకున్నారు. నేను! వాళ్ళతో కలిసి నాట్లేసే పౌలుగాణ్ణి! మీసం పెట్టుకున్నానని! చూడు ఎట్టా తయారు చేశారో మమ్మల్ని. ఏడవాలా, నవ్వాలా?

పాదిరి గారు ఊరుకుంటాడా? "లిడియా, గుడి ఆవరణలో ఈ బూతులేంటమ్మా, దేవుడు వింటున్నాడు" అని కండువా సర్దుకుంటా వచ్చాడు. ఆవిడ అదే చిన్న గొంతుతో, "బయట అంటున్నప్పుడు కూడా వింటున్నాడుగా అయ్యగారూ. ఇక్కడ కాస్త అలవాటు చేసుకోనీండి" అంది. ఆయన బెంచీకేసి చూసి, "ఆ గుమస్తా వేషం ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. ఎవరూ లేరంటే ఆయనే బెంచీ వెనకాల కూర్చున్నాడు, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని! "పేరు? భర్త పేరు?" అని ఏసమ్మని అడిగేది పాదిరి గారే. ఏసమ్మ, "మా పిల్లోడి నాన్న" అనేది. "అలా కుదరదమ్మా, పేరు." "ఇదిగో, ఆడ కూర్చున్నాడు చూడండి, ఆయనే." మూడు ఆదివారాలు అట్టా గడిచినియ్. నాలుగో వారం లిడియమ్మ గారు ఆ మొగుణ్ణి ఎదురుగా నిలబెట్టి, "నువ్వు ముందు ఈవిడ పేరు నలుగురిలో పిలువు" అంది. వాడెప్పుడూ "ఒసేయ్" తప్ప పిలిచింది లేదు. సిగ్గుతో చచ్చి "ఏసమ్మా" అన్నాడు. అప్పుడు ఏసమ్మ గుడి రేకుల కప్పు ఎగిరిపోయేట్టు "యాకోబు! యాకోబు!" అని రెండుసార్లు అరిచింది. దాన్ని ఏ శైలి అంటారో మీ సార్‌ని అడిగి రా.

కరుణాకర్‌కి ఇదంతా నచ్చలా. వాడికి మంట ఎక్కువ, దాంట్లో తప్పులేదు. మేం అందరం అనాల్సింది ఒకే ఒక్క ముక్క పెట్టింది ఆవిడ. "మా ఓటు మేమే వేసుకుంటామండి." ఇంకేం అనకూడదు. వాడు లేచి, "అండి ఎందుకు? ఆ అండి తీసెయ్యాలి! ఆ అండీ వల్లే మనమిట్టా ఉన్నాం!" అని గొంతు చించుకున్నాడు. పేట రెండుగా చీలింది, అండి ఉంచాలని సగం, తీసెయ్యాలని సగం. మూడు గంటలు గొడవ. వేరేవాళ్ళయితే ఓటింగు పెడతారు, లేకపోతే నేను చెప్పినట్టు వినండంటారు. ఆవిడ దారం కొరికి, "తీసెయ్యాలనిపించినోళ్ళు తీసెయ్యండి, ఉండాలనిపించినోళ్ళు ఉంచండి. మాట మాత్రం మధ్యలో ఆగకూడదు" అంది. అంతే. నాక్కూడా అప్పుడు కోపమొచ్చింది, నాయకురాలన్నాక ఏదో ఒకటి తేల్చాలి కదా అని. ఇప్పుడు చెప్తున్నా, ఆవిడ కానీ తేల్చి ఉంటే సగం మంది ఆ రోజు వచ్చేవాళ్ళే కాదు.

అన్నట్టు నీకు ఇంకోటి చెప్పాలి. నాకు ఆ వేషం బాగుండేదే. ఎందుకు దాయటం? ఆ కండువా మెడలో పడితే వెన్నుపూస దానంతటదే లేచేది. అంద్రెయని, నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దాయన్ని, "ఏరా అంద్రెయ్యా" అనేవాణ్ణి. ఆయనేమో బాధపడకపోగా తప్పులు దిద్దేవాడు! "ఆయన అట్టా అనడు పౌలూ. ముందు గొంతు సవరించుకుంటాడు, ఒకసారి ఆకాశంకేసి చూస్తాడు, అప్పుడు అంటాడు. మళ్ళీ చెయ్యి." ఆ ముసలాయనకి నాటకం ఎంత పట్టిందంటే, అందరి మాటలూ ఆయనకే వచ్చు. చేలో కలుపు తీస్తా మొత్తం ఒక్కడే ఆడేవాడు.

పోలింగు రోజు వచ్చింది. పొద్దున్నే తలంట్లు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, ఇద్దరిద్దరు చొప్పున పేట మొత్తం బయలుదేరాం. ముందు నేను. నేనే ముందుండాలని ఆవిడే చెప్పింది, కామందు మాటలన్నీ నాకు తెలుసు కాబట్టి బెదరనని. ఆవిడెక్కడుందనుకున్నావ్? బొమ్మలో చూపించినట్టు పిడికిలెత్తి ముందు నడిచిందనుకున్నావా? ఆవిడ ఓటు తెనాలిలో. బడికి ఇంత దూరంలో సోడా కొట్టు ఉండేది, అక్కడ బల్ల మీద కూర్చుని, రాజు అంగీకి బొత్తాలు కుట్టుకుంటోంది. నాయకురాలు! బొత్తాలు! రాయమను నీ కిరణ్ కుమార్‌ని, రాయడు, బొమ్మ బాగుండదు.

గేటు కాడ ఆ పళ్ళపుల్లోడు లేడు. విషయం తెలిసి సంజీవరావే వచ్చాడు, స్వయంగా. తెల్ల పంచె, తెల్ల చొక్కా. మేం ఆగాం. మాట నాలిక మీద ఉంది, ఆయన తిట్టటమే ఆలస్యం. ఆయన తిట్టలా! మమ్మల్ని అందర్నీ చూసి చిరునవ్వు నవ్వి, "ఏంటర్రా, అందరూ ఒక్కసారే వచ్చారు, ఎండగా ఉంది, కాసిని మజ్జిగ తాగండి" అన్నాడు. చచ్చాం! నలభై రోజులు తిట్లకి తయారయ్యాం, మజ్జిగకి తయారవలా. లైను మొత్తం బిక్కమొహం వేసుకుని నిలబడింది. కాళ్ళు ముందుకీ పడవు, వెనక్కీ పడవు. అప్పుడు నా వెనకాల నుంచి అంద్రెయ, ఏదో సాయం చేస్తున్నట్టు, చాలా మర్యాదగా, "అయ్యగారూ, అది కాదండి. తమరు ముందు గొంతు సవరించుకుని, ఎవడ్రా మిమ్మల్ని రమ్మంది అనాలండి. అప్పుడు మేం అంటామండి" అన్నాడు!

ఒట్టు. ఎగతాళికి కాదు, ఆ ముసలాయన, కామందు నిజంగానే మాట మర్చిపోయాడేమోనని అందించాడు. తర్వాత ఏసమ్మ కిసుక్కుమంది. ఆ తర్వాత ఇక ఆగితేనా! లైను లైనంతా పగలబడి నవ్వింది, పోలీసాయన కూడా టోపీ అడ్డం పెట్టుకున్నాడు. సంజీవరావు మొహం చూడాల్సింది. ఆయన్ని చూసి జీవితంలో మొదటిసారి నవ్వాం, ఏమీ కాలా, ఆకాశం అట్టాగే ఉంది. ఆ నవ్వులోనే ఎవరో "మా ఓటు మేమే వేసుకుంటాం" అన్నారు, కొందరు అండి అన్నారు, కొందరు అనలేదు, గేటు దాటారు. నూట పన్నెండు ఓట్లు, వాళ్ళ చేత్తో వాళ్ళే వేసుకున్నారు. ఏసమ్మ యాకోబు పేరు చెప్తే గుమస్తా ఉలిక్కిపడ్డాడంట. సర్పంచిగా మళ్ళీ సంజీవరావే గెలిచాడు, తెలుసా? పందొమ్మిది ఓట్ల తేడాతో. ఈ కార్డులో "చారిత్రక విజయం" అని కొట్టారు. ఓడిపోయాం! ఓడిపోయామని రాస్తే వీళ్ళకి ఏం పోయింది? ఓడిపోయి కూడా మన పేట తలెత్తుకుని తిరిగిందని రాయొచ్చుగా?

ఏంటీ? "అప్పుడు నువ్వేం చేశావు తాతయ్యా" నా? రాసుందిగా కార్డులో. చాకచక్యం. వ్యూహం. లిడియమ్మ గారి ఆజ్ఞ ప్రకారం భూస్వామిని మాటల్లో పెట్టి ఇంటికి తీసుకెళ్ళి, బూత్ దగ్గర లేకుండా చేసి, ఆఖరి గంటలో వచ్చి తన ఓటు వేసిన ధీరుడు. నలభై అయిదేళ్ళ నుంచి అదే చెప్తున్నారు. నేనూ అదే చెప్పా. మీ నాన్నకి చెప్పా, నీకు చెప్పా, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి. ఆ గిరీష్ నిన్న ఫోన్లో, "మా తాతగారినే బోల్తా కొట్టించారు కదండీ మీరు, గ్రేట్ అండీ" అని నవ్వుతున్నాడు. నాకు ఫోన్ విసిరి కొట్టాలనిపించింది. వాడి మీద కాదే. వాడేం చేశాడు, పుట్టనే లేదు.

ఇను. ఆ ఫోను దగ్గరగా పెట్టు. అందరూ నవ్వుతా గేటు దాటుతుంటే, సంజీవరావు నా పక్కకొచ్చాడు. కోపం లేదు, ఏం లేదు. భుజం మీద చెయ్యేశాడు. ఆయన చెయ్యి నా ఒంటి మీద పడ్డం అదే మొదలు. "పౌలూ, మొహం పీక్కుపోయింది రా. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా? పోలింగు ఆఫీసర్లకి కొబ్బరి బోండాలు కొట్టాలి, నీ అంత చెయ్యి తిరిగినోడు లేడు. దా, ఇంటికి పోదాం" అన్నాడు. నలభై రోజులు ఆయన వేషం వేసినోణ్ణి, ఆయన ప్రతి మాటా నాకు తెలుసనుకున్నోణ్ణి. ఈ మాట నాకు తెలీదు. నా కాళ్ళు ఆయన వెనక పోయినియ్. ఎవరూ పంపలా. సోడా కొట్టు ముందు నుంచే పోయాం. ఆవిడ తలెత్తి చూసింది. నా పెదాలకేసి చూసింది. ఏదన్నా అందిస్తదేమోనని నేనూ చూశా. తల దించింది. మళ్ళీ బొత్తాం కుట్టుకుంది.

సాయంత్రం పోలింగయ్యాక ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నా. పొద్దువాలే వేళకి ఆవిడ వచ్చింది. తిడతదనుకున్నా. మూటలోంచి చిన్న సీసా తీసింది, డ్రస్సుల లోపల కంపెనీ పేర్లు రాసే నల్ల సిరా. "చెయ్యి చాపు పౌలూ" అంది. చాపా. వేలి మీద, గోరూ చర్మం కలిసే చోట, ఓటు గుర్తు గీసింది. ఎంత బాగా గీసిందంటే, అసలు దానికన్నా బాగా ఉంది. "కామందుని అక్కణ్ణుంచి తీసుకుపొమ్మని నేనే పంపానని పేటలో చెప్పా. నువ్వూ అదే చెప్పు. ఆరేదాకా నీళ్ళలో పెట్టమాక" అంది. "ఎందుకండీ" అన్నా, ఏడుస్తా. "లెక్కింపు దగ్గర నిలబడటానికి మనిషి కావాలి. నువ్వు ఇంట్లో తలుపేసుకుంటే ఎట్టా?" అంది. లెక్కింపు దగ్గర నిలబడ్డా. ఆ తర్వాత పన్నెండేళ్ళు, ఆవిడ కళ్ళు ఆ తళుకుల కుట్టుకి పాడైపోయి మంచానపడేదాకా, ప్రతి అర్జీకీ, ప్రతి ఆఫీసుకీ వెనకే తిరిగా. ఆ సంగతి మళ్ళీ ఒక్కసారి ఎత్తలేదు ఆవిడ. ఎత్తి చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

ఇది రాయి. శైలి గియిలి తీసేసి ఇది రాయి. నా ఓటు ఆ రోజు ఎవడేశాడో నాకు తెలీదని రాయి. ఇది అచ్చేస్తేనే ఆదివారం వస్తానని ఆ కిరణ్ కుమార్‌కి చెప్పు. ఇది చదివాక కూడా శాలువా కప్పుతానంటే కప్పమను, లేదంటే ఆ శాలువా అంద్రెయ మనవళ్ళకివ్వమను.

ఏంటి? ఆ సాయంత్రం ఆవిడకి అంతా చెప్పేశానా అంటావా? చెప్పా. బోండాలు కొట్టానని చెప్పా, వరండాలో ఆకేసి అన్నం పెట్టారని చెప్పా. ఆయన భార్యే వడ్డించింది, ముద్దపప్పు, గుత్తొంకాయ, గడ్డ పెరుగు. అవతల బడి కాడి నుంచి మనవాళ్ళ నవ్వులు వినపడతానే ఉన్నాయి. తినలేకపోయానని, ముద్ద దిగలేదని చెప్పా లిడియమ్మ గారికి. అబద్ధం. చాలా బాగుందే. రెండోసారి అడిగి వేయించుకున్నా.